చూసింది చూసినట్టు

చొక్కా ఇస్త్రీ కాలరుతో మొదలుపెట్టాలి, అదీ లోపలివైపు నుంచి. తర్వాత భుజాలు, చేతులు, గుండీల పట్టీ, ఆఖరున వీపు. వీపు ఎవరు చూస్తార్లే అని చాలామంది అక్కడ లాగించేస్తారు. నేను లాగించను, నాకు సగం సగం పనులు చాతకావు. అందుకే నాలుగేళ్ళుగా మా ఇంట్లో అన్నయ్య చొక్కాలు నా పని. రోజుకి రెండు, ఎందుకంటే ఆయనగారు ఏది వేసుకుంటారో టిఫిను దగ్గర గానీ తేల్చుకోరు. చొక్కాలతోపాటు బూట్ల పాలిష్, మధ్యాహ్నం డబ్బా, నెలాఖరున ఆయన ఆఫీసుకి పంపాల్సిన రిపోర్టులో పట్టికలు. ఇవన్నీ నేనెందుకు చెయ్యాలని ఓసారి అడిగాను. "దింపుతున్నాను కదా నిన్ను," అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నాలుగేళ్ళు నడిచాయి.

నేను నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. తొమ్మిదింటికి అక్కడ ఉండాలి. అన్నయ్య ఎనిమిదింపావుకి నిద్ర లేస్తాడు. రిజిస్టరులో నా పేరు పక్కన వారానికి మూడు ఎర్ర గీతలు పడేవి. బస్సులో పోవచ్చు కదా అంటారేమో, రెండు బస్సులు మారాలి, ఆ తోపులాటలో నా ఒళ్ళు నాది కాకుండా పోతుంది. దిగేసరికి పరీక్షనాళిక పట్టుకుందామన్నా వేళ్ళు స్వాధీనంలో ఉండవు.

మా అమ్మ నా గురించి చుట్టాలకి చెప్పే మాట ఒకటుంది. "దీని నోట్లో నువ్వుగింజ నానదు." ఆరేళ్ళప్పుడు మా పిన్నితో, నువ్వు తెచ్చిన బొమ్మ నిరుడు మేం నీకిచ్చిందే అన్నాను. నిజమే, డబ్బా అడుగున నేను గీసిన పిల్లి ఉంది. అప్పట్నుంచి అమ్మ నాకు నేర్పిన చదువల్లా ఒక్కటే, చూసినవన్నీ బయటికి చెప్పకూడదు. పదహారేళ్ళు బుద్ధిగా నేర్చుకున్నాను. ఇరవై రెండో ఏట ఒక డాక్టరమ్మ నాది ఆటిజం అని చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, సంతోషమేసింది. అన్నాళ్ళూ దేనికి తిట్లు తిన్నానో దానికొక పేరుందని తెలిసింది. "బయట అనకే, రేపు సంబంధాలు రావు," అంది అమ్మ. అన్నయ్య కారు నడుపుతూ నవ్వాడు. "పేరు పెట్టించుకొచ్చిందిగా, ఇక ఏ పని చెప్పినా అదే సాకు." ఆ రోజు బుధవారం. ఏ మలుపు దగ్గర అన్నాడో, ముందున్న పాలవ్యాను నంబరేమిటో కూడా చెప్పగలను. నాకు క్షమించే గుణం తక్కువ, మరిచిపోయే గుణం అసలే లేదు.

ఆ కారు నాన్నది. నాన్న పోయాక తాళం అన్నయ్య జేబులోకి వెళ్ళింది. ఇమ్మని ఆయన అడగలేదు, తీసుకోమని ఎవరూ అనలేదు, నీళ్ళు పల్లానికి పోయినట్టు పోయింది. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం నాకు నేర్పుతానని బయల్దేరదీశాడు. అరగంటలో అరవని క్షణం లేదు. "క్లచ్చంటే ఏమిటనుకున్నావ్? చెవుడా నీకు? అటు కాదు, ఇటు." స్కూలు గోడ పక్క మలుపులో చెప్పాపెట్టకుండా చెయ్యి చాచి స్టీరింగ్ పట్టుకుని లాగాడు. కారు వెళ్ళి గోడకి గీసుకుంది. నేను చెవులు మూసుకుని బిగుసుకుపోయాను. అన్నయ్య దిగి ముందు సొట్ట చూసుకున్నాడు, తర్వాత ఫోను తీసి నన్ను వీడియో తీశాడు. సాయంత్రానికల్లా అది చుట్టాల గ్రూపులో ఉంది, "మా డ్రైవరమ్మ" అన్న పేరుతో. పదహారు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. బాబాయి ఇప్పటికీ నా పుట్టినరోజుకి శుభాకాంక్షలకి బదులు దాన్నే పంపుతాడు. స్టీరింగ్ ఎవరు లాగారన్న సంగతి దగ్గర మాత్రం అన్నయ్య తేలు కుట్టిన దొంగ. నేనూ నోరెత్తలేదు. చూసినవన్నీ చెప్పకూడదు కదా.

తర్వాత డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేస్తేనే అరచేతులు తడిసిపోయేవి. మిగతావాళ్ళకి రోడ్డు రోడ్డులాగే కనిపిస్తుందట. నాకు అన్నీ విడివిడిగా, ఒకేసారి మీదకొస్తాయి. కొట్ల మీది బోర్డులన్నీ చదవకుండా ఉండలేను. ఇండికేటరు టిక్కుటిక్కు, వెనక బండి హారను, టైరు కింద నలిగిన ప్లాస్టిక్ సీసా, దేనికదే నన్ను పిలుస్తుంది. దేనికి ముందు పలకాలో తెలియక గుండె గొంతులోకొస్తుంది.

ఇలా ఉండగా మొన్నామధ్య ల్యాబులో నా బల్ల మీదికి తొమ్మిది ట్యాంకుల నీళ్ళు వచ్చాయి. తొమ్మిది సీసాల్లోనూ క్లోరిన్ దశాంశంతో సహా ఒక్కటే. ఒక్క తల్లి కన్న తొమ్మిది మందికైనా అంత పోలిక ఉండదు. వెళ్ళి మేడమ్‌కి చూపించాను. తేలిందేమిటంటే, నమూనాలు తెచ్చే మహానుభావుడు తొమ్మిది సీసాలూ తన ఇంటి కుళాయి దగ్గరే నింపుకొస్తున్నాడు, కడుపులో చల్ల కదలకుండా. ఆయన్ని పంపించేశాక మేడమ్ నన్ను పిలిచింది. "ఆ నీళ్ళేవో నువ్వే తెచ్చుకోకూడదూ? వ్యాను ఇస్తాం. లైసెన్సు ఉండాలి. మూడు నెలల్లో ఏ సంగతీ చెప్పు." రోజంతా ఒంటరిగా వ్యాను, ట్యాంకులు, సీసాల మీద నా చేత్తో అంటించిన చీటీలు. లోకంలో నా కోసం పుట్టిన ఉద్యోగం ఒకటుంటే అది ఇదే.

ఇంట్లో చెప్పాను. "అన్నయ్యకి అన్నిచోట్లకీ తిప్పడం ఎక్కడ కుదురుతుందే, వద్దని చెప్పెయ్," అంది అమ్మ. నేనే నడుపుతానన్నది ఆవిడ ఊహకే రాలేదు. అన్నయ్యకి వచ్చింది. "నువ్వా? వ్యానా? ఊళ్ళో గోడలన్నిటికీ ముందే కబురు పెట్టాలి." వదిన అప్పుడే తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడుస్తూ నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ల్యాబు వెనక వీధిలోని డ్రైవింగ్ స్కూలు మెట్లెక్కాను. ఉద్యోగం కోసం అని చెబితే అది సగం నిజం. మిగతా సగం, అన్నయ్యని ఒక్కసారి నా పక్క సీట్లో కూర్చోబెట్టాలని. ఉద్యోగం మీద ఆశ నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చింది, లోపలికి తోసింది మాత్రం కసే.

నేర్పే ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిందట. "నాకు ఆటిజం అండీ, ఎవరైనా అరిస్తే బిగుసుకుపోతాను," అన్నాను ముందే.

"నలభై మంది పిల్లల మీద అరిచి అరిచి వచ్చాను తల్లీ. ఇక అరవడానికి నా దగ్గర గొంతు లేదు," అంది. నిజంగానే లేదు, బొంగురు తప్ప.

మొదటి వారం ఆగి ఉన్న కారులో ఊరికే కూర్చోబెట్టింది. రెండో వారం చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకోమంది, హారన్లు మెత్తబడతాయని. రోజూ ఒకే వీధి, ఒకే టైము. అయినా ఓ రోజు లారీ పక్కనుంచి పోతే స్టీరింగ్ వదిలేసి ఏడ్చాను. ఆవిడ తన వైపున్న రెండో బ్రేకు తొక్కి, నా ఏడుపయ్యేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత అంది, "నీకు కనపడేది కనపడినట్టు పైకి చెప్పు."

"అన్నీనా?"

"కదిలేవి మాత్రం. కదలనిది ఎక్కడికీ పోదు, దాన్నొదిలెయ్."

చూసింది చెప్పమని నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. చెప్పడం మొదలుపెట్టాను. సైకిలు ఇటే వస్తోంది. తెల్లకారు తలుపు తెరుచుకుంటోంది. కుక్క ఆలోచిస్తోంది.

"కుక్క ఆలోచిస్తోందని నీకెలా తెలుసు?"

"ముందుకాలు లేపి పట్టుకుంది."

"అది తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది," అంది టీచరమ్మ.

చెబుతుంటే బోర్డులు వెనక్కి తగ్గాయి. నోరు ఒక్కసారికి ఒక్కటే అనగలదు కాబట్టి రోడ్డు కూడా ఒక్కొక్కటిగానే వచ్చింది. గుండె కొట్టుకోవడం ఆగలేదు, దాని మానాన అది కొట్టుకుంటూనే ఉంది, నేను నా మానాన నడుపుతున్నాను. రెండో నెలలో ఆవిడ తేల్చేసింది. "నీకు రోడ్డంటే భయం లేదమ్మా. పక్క సీటంటే భయం."

లైసెన్సు వచ్చి పది రోజులైంది. ఇంట్లో చెప్పలేదు. ఆవిడా ఆవిడ కాలికింది బ్రేకూ లేకుండా ఒక్కసారి కూడా నడపలేదు మరి. అలా నడపగలిగితేనే మేడమ్‌కి సరే అనాలనుకున్నాను. శుక్రవారంతో గడువైపోతుంది. నడపలేకపోతే ఆ వ్యాను ఇంకెవరికో పోతుంది, నేను ఇస్త్రీ బల్ల దగ్గరే ఉంటాను.

గురువారం పొద్దున అన్నయ్య స్నానాల గదిలో జారిపడ్డాడు. కుడి మడమ చూస్తుండగానే పొంగింది. బయట కుండపోత వాన. వదిన పిలిచిన మూడు టాక్సీలూ ఒకదాని తర్వాత ఒకటి రామన్నాయి. అమ్మ కాళ్ళూ చేతులూ ఆడక గదిలోకీ బయటికీ తిరుగుతోంది. నేను లైసెన్సు తెచ్చి బల్ల మీద పెట్టి, తాళం ఇమ్మని చెయ్యి చాచాను. వదిన దాన్ని రెండుసార్లు చదివింది. అన్నయ్య చదవలేదు. నొప్పి భరించలేక తాళం ఇచ్చాడు.

పక్క సీట్లో అన్నయ్య, వెనక అమ్మా వదినా. చెవుల్లో బిరడాలు పెట్టుకున్నాను. "గేటు దాటుతున్నాను. గొడుగు మనిషి కుడికి వెళ్తున్నాడు. స్కూటరు ఆగుతోంది."

"ఏమిటా గొణుగుడు?" అన్నాడు అన్నయ్య.

"ఇలాగే నడుపుతాను నేను. వ్యాను వస్తోంది. వెళ్ళింది."

"వాడు చెప్తున్నాడు కదే, నోరు మూసుకుని నడుపు," అంది అమ్మ.

"నోరు మూసుకుంటే నాకు కనపడదమ్మా. బస్సు కదులుతోంది. పక్క సీట్లో అన్నయ్య లేని బ్రేకు తొక్కుతున్నాడు."

నిజంగానే తొక్కుతున్నాడు, అదీ వాచిన కాలితో. తొక్కినప్పుడల్లా అబ్బా అంటున్నాడు. ఒక చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకుంది, మరో చెయ్యి సీటు బెల్టుని. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడమంటే ఏమిటో అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. వెనక వదిన ఫక్కున నవ్వి, దగ్గు కింద మార్చుకోబోయింది. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలిసిపోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. చెప్పకూడదనుకుంటా, పాపమేమో. అయినా హాయిగానే ఉంది.

పెద్ద కూడలి దగ్గర పచ్చలైటు పడింది. ముందు కారు కదల్లేదు, వెనక నాలుగు హారన్లు మోగాయి. అన్నయ్య అరిచాడు. "పోనీ! పక్కనుంచి పోనీ, చెవుడా నీకు?" మూడేళ్ళ కిందటి అరుపే, అచ్చు అదే. నా ఒళ్ళు బిగుసుకుంది. స్టీరింగ్ మీంచి వేళ్ళు లేస్తున్నాయి, చెవుల వైపు వెళ్ళాలని. అప్పుడే పక్కనుంచి ఆయన చెయ్యి స్టీరింగ్ మీదికి వచ్చింది.

"అన్నయ్య చెయ్యి వస్తోంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ రోజు కూడా ఇలాగే వచ్చింది. గోడకి కారు గుద్దింది ఈ చెయ్యి. ముందు కారు కదిలింది. చెయ్యి తియ్యి, నేను వెళ్ళాలి."

చెయ్యి వెనక్కి పోయింది. నేను గేరు మార్చి కూడలి దాటాను. అద్దంలో అమ్మ ముఖం చూశాను. ఆవిడ మా అన్నయ్య తల వెనకభాగం వైపు చూస్తోంది. ఆసుపత్రి చేరేదాకా కారులో నా గొంతు తప్ప ఇంకే గొంతూ లేదు. మా అన్నయ్య కుక్కిన పేను.

ఎముక చిట్లిందన్నారు. కట్టు వేసి, ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు, కారు నడిపే ఊసే ఎత్తకూడదు అన్నారు. కట్టు వేస్తుండగా నేను వరండాలోకి వెళ్ళి మేడమ్‌కి ఫోను చేశాను. "నీళ్ళు నేనే తెస్తానండీ." గోడకి ఆనుకుని చెప్పాను. "సోమవారం వ్యాను తాళం తీసుకో," అంది మేడమ్.

లోపలికి వచ్చేసరికి అమ్మ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆఫీసులో సెలవివ్వరట. ఆరు వారాలు వీణ్ణి రోజూ ఎవరు తీసుకెళ్తారు అని. అన్నయ్య కట్టు వైపు చూస్తూ, "టాక్సీలో పోతాలే," అన్నాడు. ఆయన ఆఫీసు నా ల్యాబు దారిలోనే ఉంది. అందరూ నన్ను చూడకుండా నన్నే చూస్తున్నారు.

"నేను దింపుతాను," అన్నాను. "సరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరాలి. పక్క సీట్లోవాళ్ళు మాట్లాడకూడదు. నేను మాట్లాడతాను."

"మరి చొక్కాలు?" అంది వదిన, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వకుండా.

"దండెం మీద ఉంటాయి వదినా. చేతులకి కట్టు లేదుగా."

అన్నయ్య తలూపాడు, ఇంకేం చేస్తాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని నా తల నిమిరింది. "ఎంత మంచి మనసే నీది. వాడెన్నన్నా మనసులో పెట్టుకోలేదు."

పెట్టుకున్నాను. ఆరేళ్ళప్పట్నుంచి చూసినవీ విన్నవీ అన్నీ ఉన్నాయి, వారంతో సహా, ఏ గదిలో ఎవరి ముందు అన్నాడో దానితో సహా. ఎనిమిదింటికి ఆ దారిలో రద్దీ ఉండదు, కదిలేవి తక్కువ, నాకు చెప్పుకోవడానికి బోలెడు టైముంటుంది. అరవను. ఒక్కొక్కటే, మామూలు గొంతుతో, చూసింది చూసినట్టు చెబుతాను. పక్కన బెల్టు పెట్టుకుని మా అన్నయ్య వింటాడు. ఆరు వారాలు చాలవని నాకు తెలుసు.