మూత కదలని కోడిపెట్ట

శుక్రవారం చర్చి ఫెలోషిప్‌కి వెళ్లే ముందు రెబెకా తన జాడీలన్నీ తుడుచుకుంటుంది. బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో, పనిచేసే హోటలువాళ్లు ఆమెకిచ్చిన ఇరుకు గదిలో కుర్చీకి చోటు లేదు గానీ పింగాణీ బిస్కెట్ జాడీలకుంది. ఎలుగుబంటి, పంది, టోపీ పెట్టిన వంటవాడు, అన్నీ అమెరికావాళ్ల పాతకాలపు సరుకు, అన్నీ ఆన్‌లైన్‌లో కొన్నవే. రెండుసార్లు నకిలీవి అంటగట్టారు. అప్పట్నుంచి అమ్మేవాళ్ల మాటంటేనే ఆమెకు ఒళ్లు మంట.

అసలు జాడీని కనిపెట్టడం తేలికే. దాని ముందు అబద్ధం చెబితే మూత ఎగిరిపడుతుంది, నకిలీది కిమ్మనదు. కాకపోతే చిన్న అబద్ధానికి చిన్న చప్పుడే వస్తుంది, ఏసీ మోతలో వినపడి చావదు. అందుకే కొనేవాళ్లంతా కాస్త గట్టి అబద్ధమే చెబుతారు.

ఆ ఉదయం కొత్తగా వచ్చిన కోడిపెట్ట జాడీని బల్ల మీద పెట్టింది. అమ్మింది జెస్సికా. ఫెలోషిప్‌లో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి పాడతారు, ఒకరి గొంతు ఒకరికి గిట్టదు. మొగుడు ఫిన్నీ స్నానానికి పోతూ, ఆదివారం హోటల్లో రాజీనామా ఇచ్చెయ్యమని మళ్లీ నసపెట్టాడు. ఆమెను తన వీసా మీదికి మార్పిస్తాడట, బుసైతీన్‌లో పెద్ద ఫ్లాట్ తీసుకుంటాడట, ఇంక కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చట. కొన్నాళ్లుగా ఇదే పాట.

"ఫిన్నీ నా ఉద్యోగం మానిపించి, నన్ను ఊరికి తోలేస్తాడు" అంది రెబెకా కోడిపెట్టతో. అంతకన్నా పెద్ద అబద్ధం ఆమెకు తోచలేదు.

మూత కదల్లేదు. మళ్లీ చెప్పింది. ఊహూ.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను తీసి జెస్సికాను కడిగిపారేసింది. దేవుడి పాటలు పాడే నోటితో ఇంత మోసమా, ఇవాళ అందరి ముందూ నీ పరువు తీస్తానంది.

జెస్సికా ఏమీ తక్కువ తినలేదు. దొంగజాడీ చేసేవాళ్లు అసలుదాని మీదే అచ్చు తీస్తారు, కాల్చాక మట్టి ముడుచుకుపోయి అది చిన్నదవుతుంది, ఆమాత్రం తెలియని దానివి నీకెందుకే జాడీలు, టేపు పెట్టి కొలిచి చావమంది. కొలిస్తే ఎత్తు సరిపోయింది. గోటితో గీకితే రంగు రాలేదు.

"ఇంతకీ నువ్వేం అబద్ధం చెప్పావే?" అంది జెస్సికా.

రెబెకా తను అన్న మాట మళ్లీ తలుచుకుంది. ఫోను పెట్టేసింది. కోడిపెట్ట దగ్గరికి వంగి, జెస్సికా అంటే తనకు ప్రాణమంది. మూత ఎగిరి బల్ల అంచు దాకా పోయింది.

అంటే జాడీ అసలుదే, ఫిన్నీ గురించి తనన్నదీ నిజమే. భయమేసింది. తర్వాత, ఇన్నాళ్లూ ఈ మనిషికా నేను చొక్కాలు ఇస్త్రీ చేసిందని అసహ్యమేసింది.

ఫిన్నీ తల తుడుచుకుంటూ వచ్చేసరికి మూత మళ్లీ జాడీ మీదుంది, జాడీ ఇద్దరికీ మధ్యనుంది. అతను అక్కడే ఆగిపోయి, అసలుదేనా అనడిగాడు.

"పరీక్ష పెట్టాను. మూత కదల్లేదు" అంది రెబెకా.

జెస్సికా టోపీ పెట్టిందా అని ఫిన్నీ నవ్వాడు. కుదుటపడి మంచం మీద కూర్చున్నాడు. బుసైతీన్ ఫ్లాట్ సంగతి ఏమైందని ఆమె అడిగింది.

"ఖాయం చేసేశాను. నీ కోసమే కదా" అన్నాడు.

మూత ఎగిరి, పైకప్పుకి తగిలి, కిందపడి ముక్కలైంది. ఫిన్నీ ఆమె మొహం చూడలేక ముక్కలు ఏరడానికి వంగాడు.

రెబెకా బైబిలు సంచీ భుజాన వేసుకుంది, పాస్‌పోర్టు కూడా అందులోనే వేసుకుంది.

"ఆదివారం నేను డ్యూటీకి పోతాను. ఈ గది నాది" అంది చెప్పులేసుకుంటూ. "నువ్వు బుసైతీన్‌లో చూసుకో."