షక్కీ సారు జబ్బ

ధూల్‌పేట్‌కు పోయే దారిలో ఉన్న ఆ గల్లీలో పురుషోత్తం సారును పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన షక్కీ సారు. షక్ అంటే అనుమానం. బడిలో లెక్కలు చెప్పేవాడు, బడి బయట ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. అయినా ఏ కొత్త సంగతి పుట్టినా ముందు ఆయన గుమ్మం దగ్గరికే తెచ్చేవారు, కొత్త కుండను మోగించి చూడమని తెచ్చినట్టు.

"సారూ, బాబా ఇచ్చిన తావీజు కట్టుకుంటే కేసు గెలుస్తరంట. నిజమేనా?"

"ఏమో," అనేవాడు సారు.

ఆ ఒక్క మాట మీద గల్లీవాళ్లు పెద్ద శాస్త్రమే తయారుచేసుకున్నారు. తలెత్తకుండా ఏమో అంటే పచ్చి అబద్ధం. తలెత్తి అంటే ఆలోచించవచ్చు. కళ్లద్దాలు తీసి తుడుస్తూ అంటే నిజమయ్యే అవకాశం ఉంది. అద్దాలు తీయడం పదేళ్లలో రెండేసార్లు జరిగింది. ఒకసారి సూర్యగ్రహణం వస్తుందన్నప్పుడు, ఇంకోసారి యూనుస్ హోటల్లో చాయ్ బాగుపడిందన్నప్పుడు.

మూలమీద చాయ్ హోటల్ యూనుస్‌దే. యూరోపులో లడాయి మొదలైన ఏడు అతను ఒక భోంగా కొన్నాడు. మైకూ బ్యాటరీతో సహా సభలకు కిరాయికిచ్చే పెద్ద గొట్టం అది. పొద్దున ఒక జట్టు దాన్ని తీసుకుపోయి దేశం మేలుకుందని అరిచేది. సాయంత్రం వాళ్ల విరోధులు తీసుకుపోయి దేశం నిద్రపోతోందని అరిచేవారు. రెండూ సారు కిటికీలోంచే లోపలికి వచ్చేవి. గల్లీ రాజకీయాల్లో ఏ అభిప్రాయమూ లేనిది భోంగా ఒక్కటే కాబట్టి, ఆయనకు దాని మీద కొంత గౌరవం ఉండేది. సైన్సు గొంతును పెద్దది చేసింది, మాటను మాత్రం ఉన్నంతలోనే ఉంచింది అనుకునేవాడు. అనుకునేవాడే గాని అనేవాడు కాదు.

ఆ చలికాలం సోమయ్య ధాన్యం కొట్టులో ఎలుకలు చచ్చి రాలడం మొదలైంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ సోమయ్య వాటిని గోనెలో చుట్టి బయట పారేసేవాడు. సారు కిటికీలోంచి లెక్కపెట్టేవాడు. సోమవారం రెండు, మంగళవారం అయిదు, బుధవారం పదకొండు. ఎలుకల తర్వాత ఏమొస్తుందో గల్లీకి తెలుసు. మూడేళ్ల కిందటి ప్లేగును ఎవరూ మరవలేదు.

గురువారం ప్లేగు సూది వేయడానికి కుర్ర డాక్టరు ఒకడు వచ్చి, హోటల్ ముందు బల్ల వేయించుకుని, సూదులు ఉడకబెట్టుకుని కూర్చున్నాడు. ఎవ్వరూ దగ్గరికి రాలేదు. గల్లీ ఒక కొసన ఆ మందులో ఆవు ఉందన్నారు, ఇంకో కొసన పంది ఉందన్నారు. సీసా మాత్రం ఒకటే. సూది వేయించుకున్న మగవాళ్లను లడాయికి పట్టుకుపోతారని నడుమనున్నవాళ్లు అన్నారు.

సారు పక్కింటి షౌకత్ బీ లక్కగాజులు చేసేది. మూడేళ్ల కిందటి ప్లేగులో కొడుకూ కోడలూ పోతే, ఆమెకు మిగిలింది ఏడేళ్ల మనవరాలు అమీనా ఒక్కతే. నడుము మీద చేతులు పెట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడింది.

"చూడు డాక్టర్ సాబ్, నీ మాట నమ్మం, సర్కారు మాట నమ్మం. షక్కీ సారు ఏయించుకోనీ. ఆయన బతికుంటే మా అమీనాకు ఏయిస్త."

"పొద్దు పొడిచిందంటే సబూత్ అడుగుతడు, రుజువు చూపెట్టమంటడు ఆయన," అన్నాడు యూనుస్. "గట్లాంటాయన ఒప్పుకుంటే ఇంక మనదేంది?"

గల్లీ అంతా సారు తలుపు ముందుకు వచ్చింది.

సారు లోపల ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. మూడేళ్ల కిందట కూడా సూదివాళ్లు వచ్చారు. "మనమూ ఏయించుకుందమా?" అని భార్య సావిత్రి అడిగింది. "లెక్కలు రానీ," అన్నాడు ఆయన. వేయించుకున్నవాళ్లలో ఎందరికి రోగం వచ్చింది, వేయించుకోనివాళ్లలో ఎందరికి వచ్చింది అని సర్కారు దఫ్తరుకు ఉత్తరం రాశాడు. తప్పులేని ప్రశ్న. జవాబు కూడా వచ్చింది, సావిత్రి ప్లేగుతో పోయిన పదకొండో రోజున. కవరు చించకుండా ఆమె చీరల మడతల్లో పెట్టేశాడు.

"సారూ!" బయటినుంచి షౌకత్ బీ కేక. "నువ్వు లోపల దాక్కుంటే ప్లేగు వాపసు పోతదా?"

ఆయన కవరు తీసి చించాడు. లోపల రెండే వరసలు ఉన్నాయి. తమరు కోరిన లెక్కలు ఈ దఫ్తరులో లేవు, వేరే దఫ్తరుకు రాసుకోగలరు. రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని తలుపు తీశాడు.

బల్ల దగ్గరికి పోయి, డాక్టరును నెమ్మదిగా అడిగాడు. "ఇది అందరికీ పనిచేస్తదా?"

"చేస్తదని చెప్పమన్నరు సార్."

"మీరేమంటరు?"

డాక్టరు అటూ ఇటూ చూశాడు. "అందరికీ చెయ్యదు. చెయ్యి వాస్తది, జరమొస్తది. కొందరికి ఏసినా రోగం వస్తది. కాని ఏసుకోనోళ్లకు వచ్చినంత రాదు. నేను చూసింది గంతే."

సారు కళ్లద్దాలు తీశాడు.

"యా అల్లా, అద్దాలు తీసిండు!" అన్నాడు యూనుస్.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. షేర్వానీ చెయ్యి జబ్బ దాకా ఎక్కలేదు. షేర్వానీ లేకుండా ఆయనను గల్లీ ఎప్పుడూ చూడలేదు. ఒక్కొక్క బొత్తామూ విప్పుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బనియన్ భుజం మీద ఒక అతుకు ఉంది, సగం తెల్ల దారంతో, అది అయిపోతే సగం ఎర్ర దారంతో కుట్టింది. అది ఎవరి కుట్టో షౌకత్ బీకి తెలుసు.

"అందరు అటు తిరుగుండ్రి!" అంది. "సారుకు సిగ్గు."

అందరూ అటు తిరిగారు. తిరిగి చూసేసరికి సారు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"పొడిచిండా?" అన్నాడు సోమయ్య. "మేం సూడలే గద. సబూత్ ఏది?"

ఇన్నేళ్లూ తాను పాఠం చెప్పింది బడిలోనే అనుకుంటూ వచ్చాడు సారు. మళ్లీ బొత్తాలు విప్పి, గల్లీ అంతటికీ జబ్బ మీది రక్తపు చుక్క చూపించాల్సి వచ్చింది.

మూడు రోజుల తర్వాత మళ్లీ వస్తానని డాక్టరు పోయాడు. ఆ మూడు రోజులూ సారుకు జ్వరం. యూనుస్ భోంగాను హోటల్ కప్పు మీదికి ఎక్కించాడు.

"షక్కీ సారు బతికే ఉన్నడు! గంజి తాగిండు!"

సభ ఉందని భోంగా కోసం వచ్చినవాళ్లను వెనక్కి పంపాడు. "పోండ్రి భాయ్, ఇక్కడ సారు జరం నడుస్తుంది."

మంచం మీద సారు దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతే ఆ పాపం సూది మీదికి పోతుందేమోనని భయపడ్డాడు. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోక తప్పలేదు. ఆ భోంగా ఇన్నాళ్లకు ఎవరైనా వచ్చి సరిచూసుకోగల మాట చెప్తోంది.

నాలుగో రోజు ఆయన బయటికి వచ్చేసరికి బల్ల ముందు వరస సోమయ్య కొట్టు దాకా ఉంది. ముందు షౌకత్ బీ, ఆమె కొంగు పట్టుకుని అమీనా.

"సారూ, ఇంక ఫికర్ లేదు గద?" అంది షౌకత్ బీ. లేదు అనమని ఆమె ముఖం అడుగుతోంది. లేదు అనాలని ఆయనకూ ఉంది.

"ఏమో షౌకత్ బీ," అన్నాడు. "తగ్గుతది."

ఆమె అమీనా కుర్తా చెయ్యి పైకి మడిచింది. "గంతే చాలు," అంది.

"నొప్పయితదా?" అని అడిగింది అమీనా.

"అయితది."

ఆ పిల్ల ఆయన వేలు పట్టుకుని కళ్లు మూసుకుంది.

సారు జేబులోంచి దఫ్తరు ఉత్తరం తీసి, వెనకవైపు రెండు గడులు గీశాడు. వేయించుకున్నవాళ్లు, వేయించుకోనివాళ్లు. మొదటి గడిలో తన పేరు, అమీనా పేరు, షౌకత్ బీ పేరు రాశాడు. రెండో గడిలో సావిత్రి అని రాశాడు. అది మూడేళ్ల పాతది, ఈ లెక్కలో చేరకూడదు. తెలిసే రాశాడు.

సోమయ్య వరసలోంచి మెడ చాచాడు. "నా పేరు ఏ దిక్కు రాస్తరు సారూ? ఏయించుకున్నట్టే అనుకోండ్రి."

"ఏమో," అన్నాడు సారు తలెత్తకుండా. "జబ్బ చూపెడితె రాస్త."