ఏడో దారం

నేను వేసిన ముడి ఊడదు. కుట్టుపని మొదలుపెట్టిన ముప్పై ఏళ్ళలో, నా చేత్తో కుట్టిన గుండీ ఊడిందని ఒక్కరు కూడా తిరిగి రాలేదు. ఈ సంగతి నేను గొప్పగా చెప్పుకోవడం విని విని మా ఆయనకు చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు ఆ మాటే తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా కుక్క దొరసాని కుట్టుమిషన్ వెనక, గుడ్డపేలికల బుట్ట పక్కన ఏడు పిల్లల్ని పెట్టింది. ఏడూ మట్టిరంగే. ఏది పాలు తాగిందో ఏది తాగలేదో తెలియక ఒక్కోదాని మెడకు ఒక్కో రంగు దారం కట్టాను. మామూలు దారం కడితే పూట గడవకముందే ఒకదానిది ఇంకొకటి కొరికి పారేసింది. వాటితో నాకు పంతమా అంటే పంతమే. కోటు గుండీలు కుట్టే దారం తీసి, రెండు పోగులు కలిపి, మైనం పట్టించి, చెవి కింద ముడి వేశాను. మెడలు పెరుగుతున్న కొద్దీ వారానికోసారి పాతవి కోసి కొత్తవి కట్టేదాన్ని. నా మణికట్టు నొప్పిచేసిన వారం మాత్రం ఆ పని మా ఆయన చేశాడు. దారం రంగే వాటి పేరైంది. ఎరుపు, పసుపు, నీలం, అలా. అన్నింట్లోకీ బొచ్చు ఒత్తుగా ఉన్నది కాఫీ. దానికి కట్టింది కాఫీపొడి రంగు దారం.

పిల్లల్ని ఇవ్వడంలో నాకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి తొమ్మిది ప్రశ్నలు అడుగుతాను. నచ్చితే నా కొలతల పుస్తకం చివరి పేజీలో వాళ్ళ వివరాలు రాసుకుని, పిల్ల మెడలో దారం కోసి, ఆ వివరాల పక్కనే కాగితానికి కుట్టేస్తాను. నచ్చకపోతే దండం పెట్టి పంపేస్తాను. "పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని వాకబులు చెయ్యరు," అని మా ఆయన విసుక్కునేవాడు. నేను చెవిన వేసుకోలేదు.

అలా పంపేసినవాళ్ళలో నాలుగు వీధుల అవతల క్షౌరశాల నడిపే కుర్రాడు ఒకడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఒంటరివాడు, షాపు పైనే గది. మా ఆయనకు క్షవరం చేసేది అతనే. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ కాఫీనే ఒళ్ళో పెట్టుకున్నాడు. పగలు దీని దగ్గర ఎవరుంటారని అడిగితే, "నాతోపాటే షాపులో ఉంటుందమ్మా," అన్నాడు. కత్తులూ కత్తెరలూ ఉన్నచోట నా పిల్ల తిరగడానికి వీల్లేదని మొహం మీదే చెప్పేశాను. అతను కాఫీని కింద పెట్టి, దాని వీపు మీది బొచ్చు రెండుసార్లు సర్దిపెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వారంలో నేను హోటల్ పనివాళ్ళ యూనిఫారాలు ఇచ్చి ఇంటికొచ్చేసరికి కాఫీ లేదు. రిటైరైన పోస్టుమాస్టరు ఎవరో వచ్చి తీసుకెళ్ళాడనీ, పెద్ద ఇల్లూ పెరడూ ఉన్నాయనీ, మంచి మనిషనీ మా ఆయన చెప్పాడు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇచ్చేశాడని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుస్తకం తీసి, కాగితం చిరిగేలా 'పోస్టుమాస్టరు' అని ఒక్క ముక్క రాసి, ఠపీమని మూసేశాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ కోపంలో, పక్కన కుట్టాల్సింది ఒకటుందన్న సంగతే తట్టలేదు.

ఇరవై రెండు రోజులు గడిచాయి. బ్యాంకులో పనిచేసే ఒకాయన కోటు కొలతలకు వచ్చాడు. టేపు మెడచుట్టూ తిప్పి, పుస్తకంలో పాత కొలత చూశాను.

"పోయినేటికీ ఇప్పటికీ మీ మెడ అంగుళం పెరిగిందండీ," అన్నాను.

"అందుకేనా, పై గుండీ పెడితే ఊపిరాడటం లేదు," అన్నాడాయన.

నేను నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. టేపు ఆయన మెడలోనే వదిలేసి పుస్తకం చివరి పేజీ తిప్పాను. ఎరుపు ఉంది. పసుపు, నీలం ఉన్నాయి. మొత్తం ఆరు. పోస్టుమాస్టరు పక్కన మాత్రం ఖాళీ కాగితం. రెండు వేళ్ళు మాత్రమే పట్టేంత వదులుగా కట్టాను ఆ దారాన్ని, అదీ పిల్లకు ఆరు వారాలప్పుడు. ఇప్పుడు దానికి పది వారాలు. బ్యాంకాయన్ని రేపు రమ్మని పంపేసి, రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మా ఆయన్ని కుదిపి లేపాను.

"కాఫీ మెడలో దారం కోశారా?"

"ఏ దారం?"

"కోశారా లేదా?"

"కొయ్యాలా? నువ్వు చెప్పలేదుగా." ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాడు.

"లేవండి. పోస్టుమాస్టరు ఇల్లెక్కడో చూపించండి. ఇప్పుడే వెళ్ళాలి."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. చొక్కా వేసుకోలేదు, నా వైపు చూడనూ లేదు. నేను చొక్కా తెచ్చి ఒళ్ళో పడేశాను.

"పోస్టుమాస్టరు లేడు," అన్నాడు చివరికి. "క్షౌరశాల అబ్బాయికిచ్చాను. నువ్వు ఒప్పుకోవని అబద్ధం చెప్పాను."

ఇంకో రోజైతే ఇల్లు ఎగిరిపోయేది. ఆ రోజు ఆ మాట వినగానే నాకు కలిగింది సంతోషం. మనిషి తెలుసు, ఇల్లు తెలుసు, నాలుగు వీధులే దూరం. పిల్లను వెనక్కి తెచ్చెయ్యాలని గుడ్డపేలికల బుట్ట ఖాళీ చేసి, పుస్తకం, సూదీదారం, దారాల కత్తెర అందులో వేసి చేత్తో పట్టుకున్నాను. స్కూటర్ వెనక కూర్చున్నంతసేపూ నా వేళ్ళు నా మెడనే తడుముకుంటున్నాయి.

భోజనాల వేళ. షాపు షట్టరు సగం దించి ఉంది. పిలిస్తే అతను వంగి బయటికొచ్చాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత బుట్టను చూశాడు. వెంటనే షట్టరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కాఫీ ఏది బాబూ?" అన్నాను.

"ఏ కాఫీ అమ్మా? మీరు నాకివ్వలేదుగా."

"నేను చెప్పేశానయ్యా," అన్నాడు మా ఆయన.

అతని మొహం మాడిపోయింది. "ఇప్పుడు నా దగ్గర లేదు. మా బంధువులకిచ్చాను. వాళ్ళు ఊరెళ్ళారు," అన్నాడు గబగబా.

లోపల, షట్టరు వెనక, ఏదో దగ్గింది. గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు పొడిదగ్గు. ముగ్గురమూ విన్నాం. అతను కదల్లేదు. కదిలించి లోపలికి వెళ్ళే బలం నాకు లేదు, మా ఆయనకు మొహమాటం. నేను అధికారం చూపిస్తే పిల్లను మేడ మీదికి తీసుకెళ్ళి తలుపేసుకుంటాడని తెలుస్తూనే ఉంది.

నాకొక అలవాటుంది. చొక్కా చేతులు పొట్టివైతే నీ చెయ్యి సాగిందంటాను. నడుము బిగుతైతే నువ్వు ఒళ్ళు చేశావంటాను. ముప్పై ఏళ్ళుగా ఏ గిరాకీ ముందూ నా కత్తెర తప్పని ఒప్పుకోలేదు. బుట్ట కింద పెట్టాను.

"దాని మెడలో దారం ఉంది. నేను కట్టిందే. కొయ్యకుండా వదిలేశాను. తప్పు నాది. పిల్లను తీసుకెళ్ళడానికి కాదు, ఆ దారం తియ్యడానికి రానివ్వు."

తీసుకెళ్ళడానికే వచ్చానన్నది నిజం. ఆ మాట అన్నాక మాత్రం కాదు. అతను నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, షట్టరు పైకెత్తాడు.

కాఫీ కుర్చీ కింద పడుకుని ఉంది. గిన్నెలో పాలు అలాగే ఉన్నాయి. రెండు రోజులుగా తాగుతుంటే దగ్గుతోందనీ, జలుబనుకున్నాననీ, నాలుగింటికి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్దామనుకున్నాననీ చెప్తూ, దాన్ని ఎత్తి క్షవరం కుర్చీలో పెట్టాడు. మెడ బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి ఆగిపోయాడు.

"రోజూ దువ్వుతూనే ఉన్నాను. చర్మం ముడతనుకున్నాను," అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

దువ్వెన ఆనించి బొచ్చు కొద్దికొద్దిగా కత్తిరించాడు. మెడచుట్టూ ఎర్రటి గాడి బయటపడింది. గొంతు దగ్గర దారం కనిపించడమే లేదు, చర్మం దాని మీదికి వచ్చేసింది. కాఫీ గింజుకుంది. గింజుకునేసరికి ఊపిరి అందక నోరు తెరిచింది, నాలుక నల్లబడింది. గడియారంలో రెండున్నర. నాలుగు దాకా ఆగే పని కాదు.

నా దారాల కత్తెర తీశాను. దాని మొన సూదిలా ఉంటుంది.

"అది వద్దమ్మా," అని అతను సొరుగులోంచి చిన్న కత్తెర తీశాడు. ముక్కులో వెంట్రుకలు కత్తిరించేది, మొనలు గుండ్రంగా ఉన్నాయి. వేడినీళ్ళలో ముంచి తుడిచాడు. "మీరు తల పట్టుకోండి. ముడి ఎక్కడ?"

"ఎడమ చెవి కింద. ముడి లావు, దాని పక్కన కొంచెం సందుంటుంది."

మా ఆయన కాళ్ళు పట్టుకున్నాడు, నేను తల పట్టుకున్నాను. దాని గొంతులో గరగర నా అరచేతికి తెలుస్తోంది. అతను కత్తెర మొన ముడి పక్కన ఆనించి, వెంట్రుకవాసి చొప్పున లోపలికి జరిపాడు. టక్కుమంది. ఏమీ వదులవలేదు.

"తెగలేదా?" అన్నాడు మా ఆయన.

"రెండు పోగులు," అన్నాను. "ఇంకోటి కిందుంటుంది. రెండూ తెగితేనే వదులుతుంది. ముడి మాత్రం ఊడదు."

అతను పెదవి కొరుక్కుని మళ్ళీ పోనిచ్చాడు. ఈసారి కాఫీ కీచుమంది, మొన పక్కన రక్తం చుక్క వచ్చింది. అతని చెయ్యి మాత్రం బెదరలేదు. ఇంకోసారి టక్కుమంది. ముడి పట్టుకుని అతను మెల్లగా లాగితే, గాడిలోంచి దారం చుట్టూ తిరిగి వచ్చేసింది. కాఫీ ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత ఇంకోసారి.

నాలుగింటికి డాక్టరమ్మ గాడి శుభ్రం చేసి, సూదిమందు వేసి, ఇంకో రెండు రోజులైతే గొంతు తెగేదని చెప్పి, కార్డు తీసింది.

"పిల్ల ఎవరిది?"

అతను నా వైపు చూశాడు. రుమాల్లో చుట్టిన పిల్ల అతని చేతుల్లోనే ఉంది. తీసుకెళ్తానంటే ఇచ్చేసేలా, చేతులు కొంచెం ముందుకు చాపాడు కూడా.

"ఆయనదే," అన్నాను. "ఆయన పేరే రాయండి."

బయటికొచ్చాక పుస్తకం తీసి పోస్టుమాస్టరును కొట్టేశాను. క్షౌరశాల, పై గది అని రాసి, దారాన్ని కడగకుండా అలాగే పక్కన కుట్టాను. అతను నిలబడి చూస్తున్నాడు. మిగతా ఆరు దారాలూ చూశాడు.

"అమ్మా, ఆ రోజు మీరు నన్ను తొమ్మిది ప్రశ్నలడిగారు. నేనొకటి అడగొచ్చా?"

"అడుగు."

"ఇందాక డాక్టరమ్మతో దారాలు వారంవారం మార్చానన్నారు కదా. పాతవన్నీ వచ్చేశాయా? ఒకదాని కింద ఒకటి ఉండిపోయిందేమో. మిగతావాటి మెడలు చూశారా?"

నేను మా ఆయన వైపు చూశాను. నా మణికట్టు నొప్పిచేసిన వారం. ఆయన పాతవి కోశాడో, వాటి మీదే కొత్తవి కట్టాడో నేను చూడలేదు. పుస్తకంలో దారాలుంటే మెడలు ఖాళీ అని నేను నమ్మేశాను. ఆయన అప్పటికే స్కూటర్ స్టాండు తీస్తున్నాడు.

మొదటి ఇంట్లో తలుపు తీసింది ఎరుపును తీసుకెళ్ళిన ఆసుపత్రి నర్సమ్మ. నన్ను చూసి నవ్వింది.

"మళ్ళీ ప్రశ్నలా టైలరమ్మా?"

"లేదమ్మా, చెప్పడానికొచ్చాను," అని గుమ్మంలోనే మొత్తం చెప్పాను. తప్పు నాది అనడం రెండోసారి కూడా తేలిక కాలేదు. ఆవిడ నవ్వు పోయింది. లోపలి నుంచి ఎరుపు పరిగెత్తుకొచ్చి నా కాళ్ళకు చుట్టుకుంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని, బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి, ఈ చెవి కింది నుంచి ఆ చెవి కింది దాకా తడిమాను. ఏమీ తగల్లేదు. ఇంకా ఐదిళ్ళున్నాయి.