కట్టకు అటూ ఇటూ

స్వరూప చదివే అశోక్ నగర్ కోచింగ్ సెంటర్‌లో ఆ ఆదివారం మాక్ టెస్టు పెట్టారు. నలభై మూడో ప్రశ్నకు ఒక ఫొటో ఇచ్చారు. పైనుంచి తీసిన ఉప్పు సరస్సు అది. మధ్యలో రైలు కట్ట. కట్టకు ఒక పక్క నీళ్లు ఆకుపచ్చగా, ఇంకో పక్క గులాబీ రంగులో ఉన్నాయి. కారణం ఏమిటని ప్రశ్న. స్వరూప ‘ఉప్పును తట్టుకునే సూక్ష్మజీవులు’ అన్న జవాబు పెట్టింది. కీలో మాత్రం ‘అడుగునున్న మట్టి రంగు’ అని వచ్చింది.

గ్రూప్స్‌కు మూడోసారి చదువుతున్న మనిషికి ఒక్క మార్కు ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆమెను కుదురుగా కూర్చోనివ్వనిది మార్కు కాదు. జనగామలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిన పిల్ల. తెలిసిన సంగతిని తప్పంటే ఊరుకోలేదు. రెండు వందల మందిలో లేచి నిలబడింది.

జాగ్రఫీ చెప్పే ఏడుకొండలు సార్ కోపిష్టి కాదు గానీ పట్టు వదలడు. ఒకే సరస్సులో కట్టకు ఇవతల లేని జీవులు అవతల ఎట్లా పుట్టాయని అడిగాడు. స్వరూప పుస్తకం పేరు చెప్పబోయింది.

"పుస్తకంల ఉన్నది నాకొద్దమ్మా. కండ్లకు కనబడేటట్టు చూపియ్యి, కీ మారుస్త."

వెనక బెంచీల్లో కొందరు నవ్వారు.

"చూపిస్త సార్," అని కూర్చుంది స్వరూప.

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీలో ఉప్పు మీద దొరికిన రెండు పుస్తకాలూ ముందేసుకుంది. ఎదురుగా పేపరు చదువుతున్న పెద్దావిడ కళ్లజోడు మీదుగా వాటిని చూసి, ఉప్పు మీద కూడా పరీక్ష పెడుతున్నారా అని పలకరించింది. ఆవిడ పేరు వేదవతి. నౌపడ ఉప్పు మడుల దగ్గర నీళ్లు పరీక్షించే ల్యాబులో ఇరవై ఆరేళ్లు పనిచేసి, రిటైరయ్యాక నారాయణగూడలో చెల్లెలితో ఉంటోంది. స్వరూప చెప్పినదంతా విని పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఏటా చూసేదాన్నమ్మా. సముద్రపు నీళ్లు మొదటి మడిలో ఆకుపచ్చగా ఉంటాయి. ఎండకి ఇగిరి, మడి మారేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. ఆఖరి మడికి వచ్చేసరికి ఎర్రబడతాయి. నీళ్లు ఎర్రబడ్డాయంటే ఇక ఉప్పు దిగుతుందని మా కూలీలకి తెలుసు."

స్వరూపకు సరస్సు కళ్ల ముందు నిలిచింది. పుస్తకంలోని పటంలో నదులన్నీ కట్టకు ఒక పక్కనే కలుస్తున్నాయి. రెండో పక్కకు కొత్త నీరు చేరక, ఉన్నది ఇగిరిపోతూ ఉప్పు చిక్కబడుతోంది. అంటే రెండు పక్కలా అన్ని జీవులూ ఉండవచ్చు. ఎక్కడ ఏది పెరగాలో ఉప్పే తేలుస్తోంది.

వేదవతి నౌపడ వాళ్ల చేత కడగని ఉప్పు, మొదటి మడి మట్టి, ఆఖరి మడి మట్టి తెప్పించింది. ఏ మట్టి పలుచని ఉప్పునీళ్లలో, ఏది చిక్కటి ఉప్పునీళ్లలో వెయ్యాలో ఆవిడ చెబుతుంటే స్వరూప అడ్డుపడింది. రెండు రకాల మట్టీ కలిపేసి, ఆ కలిపినదే రెండింట్లోనూ వేస్తానంది. అప్పుడు గానీ సార్ ప్రశ్నకు జవాబు దొరకదు. వేదవతి, నువ్వు మా ల్యాబులో ఉండాల్సిందమ్మా అంది.

హాస్టల్ డాబా మీద రెండు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టింది. ఒకదాంట్లో పలుచని ఉప్పునీళ్లు, రెండోదాంట్లో ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లు పోసి, రెండింట్లోనూ ఆ మట్టి వేసింది. పదకొండో రోజున హాస్టల్ చూసుకునే బుగ్గమ్మ, దోమలొస్తాయని రెండూ పారబోసింది. స్వరూప మిగిలిన ఉప్పూ మట్టీ తీసుకొచ్చి, బుగ్గమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకో చెబుతూ మళ్లీ కలిపింది. ఆ రోజు నుంచి డబ్బాల దగ్గరికి ఎవరు వచ్చినా బుగ్గమ్మ కసిరేది.

ఏప్రిల్ గడిచి మే ఎండలు ముదిరాయి. నీళ్లు ఇగిరినప్పుడల్లా స్వరూప డబ్బా మీద గీసిన గీత దాకా మంచినీళ్లు పోస్తూ వచ్చింది. నాలుగో వారానికి పలుచని నీళ్లు ఆకుపచ్చబడ్డాయి. రెండోది ఉలకలేదు పలకలేదు. తన గదిలోనే ఉండే స్నేహలత ఇక చదువుకోవే అని పోరింది. ఆరో వారంలో ఒక పొద్దున బుగ్గమ్మే కిందికి వచ్చి పిలిచింది. చిక్కటి నీళ్లలో గులాబీ రంగు తేలింది.

ఇద్దరూ మూతలు పెట్టి డబ్బాలను కోచింగ్ సెంటర్ హాల్లోకి మోసుకెళ్లారు. ఏడుకొండలు సార్ వాటిని కిటికీ వెలుగులో చాలాసేపు చూశాడు.

"రెండిట్ల ఒక్కటే మట్టా?"

"ఒక్కటే సార్. ఉప్పే వేరు."

సార్ మార్కర్ తీసుకుని, బోర్డు మీద నలభై మూడో ప్రశ్నకు కొత్త జవాబు రాశాడు. ఆ జవాబు పెట్టిన పద్నాలుగు మందికీ మార్కు కలుపుతానని చెప్పి, తను ముందు బెంచీలో కూర్చుని, స్వరూపను చెప్పమన్నాడు.

చేతిలో కాగితం లేకుండా అరగంట చెప్పింది. అంత చిక్కటి ఉప్పులో చాలా జీవులు బతకలేవనీ, బతికేవాటికి ఆ ఎర్ర రంగే ఎండ నుంచి కాపుదల అనీ వివరించింది. పోయిన ఏడాది ఇంటర్వ్యూలో తన పేరు చెప్పడానికే తడబడిన మనిషి తనేనా అనిపించింది.

చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "అక్కా, గా గులాబీ నీళ్లల్ల మంచినీళ్లు బాగ పోస్తే ఏమైతది?"

స్వరూప సార్ వైపు చూడలేదు. "రంగు పోతదనుకుంటున్న. రేపు సగం వేరే డబ్బాల పోసి చూద్దాం, నువ్వు గూడ రా."