అక్క నాటిన కమీలియా

పలమనేరు చల్లని ఊరే గాని, కమీలియాకు ఆ చలువ చాలదు. అది తెలిసే బాలచంద్ర ఆ పొదను పసిబిడ్డను సాకినట్టు సాకేవాడు. పెరట్లో, పనసచెట్టు నీడన, ఉదయపు ఎండ మాత్రమే సోకే చోట ఉండేది అది. బోరునీళ్ళలో సున్నం ఎక్కువని డ్రమ్ముల్లో వాననీళ్ళు పట్టి పోసేవాడు. పాలకేంద్రంలో ఉద్యోగం గనుక పులిసిన మజ్జిగకు కొదువ లేదు. దాన్ని నీళ్ళలో పలుచగా కలిపి పొద మొదలు చుట్టూ వంచేవాడు. రాలిన ఆకులను కుళ్ళబెట్టి ఎర్రమన్నులో కలిపేవాడు.

"దీనికి పులుపు ప్రాణం, సున్నం విషం" అని పెళ్ళయిన కొత్తలో జయంతికి చెప్పాడు. పొద గురించి అతను చెప్పింది అంతే. దాన్ని నాటిన మనిషి గురించి అది కూడా చెప్పలేదు.

చెప్పింది కుప్పమ్మ. పక్కింట్లోనే ఉండే ఆమె బాలచంద్రకు మేనత్త. అతన్ని చిన్ననాటి నుండి బావా అని పిలిచిన మొదటి భార్య రూపశ్రీకి తల్లి. ఊటీ నుండి మొక్క తెచ్చి నాటిన ఏడాదే, కడుపులో బిడ్డతో, జ్వరం వచ్చి రూపశ్రీ పోయింది. అల్లుడికి నాయుడుపేట సంబంధం కుదిర్చింది కుప్పమ్మే. పోయిన సవతి పేరిట రెండో భార్య కట్టుకోవలసిన చిన్న బంగారు బిళ్ళను, సవతిబొట్టును, జయంతి మెడలో తాళి పక్కన తన చేతులతో గుచ్చిందీ ఆమే.

"నాకు కూతురు పోలేదుమే, మారింది" అని నవ్వేది. "అయితే ఒకటి. కొత్తది ఏదొచ్చినా ముందు అక్కకు పెట్టల్ల. ఆ మీదనే నువ్వు ముట్టల్ల."

ఇతరుల ఇళ్ళలో పటం ముందు పెడతారు. ఈ ఇంట్లో పొద ముందు పెట్టాలి. కొత్త చీర వస్తే మడత విప్పి కొమ్మల మీద కప్పేది జయంతి. నూనె రాసినట్టు మెరిసే ఆ ముదురాకుల మీద కాసేపు ఉంచి, తీసి కట్టుకునేది. చీర నడుము దగ్గర వెచ్చగా ఉండేది. అప్పుడే ఎవరో కట్టి విడిచినట్టు ఉండేది. ఎండ వేడి అనుకుందామంటే, పనస నీడలో ఎండ ఎక్కడిది?

ఉగాది దాటాక జయంతికి నెల తప్పింది. నాటిన నాటి నుండి ఒక్క మొగ్గా వేయని పొద, అదే నెలలో కొమ్మకొమ్మకూ మొగ్గ తొడిగింది.

"సూస్తివా, నువ్వూ ఆయమ్మీ ఒకేసారి నీళ్ళోసుకున్నారు" అంది కుప్పమ్మ, వసారాలో చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.

"ఏందత్తా, చెట్టుకూ నాకూ పోటీ పెడతా ఉండావు?"

"అక్కాసెల్లెళ్ళకి పోటీ యాడిదిమే! ఒకే చీర కట్టినారు, ఒకే గాజులు తొడిగినారు."

జయంతి నవ్వింది. నవ్వుతూనే, ఊరికే మాటవరసకు, "బిడ్డ కూడా కొత్తదే గదత్తా?" అంది.

కుప్పమ్మ చేతిలోని కాయ చేటలోకి జారింది. ఆమె పొద వైపు చూసింది. తనకు ఆ ఊహ అప్పుడే తట్టినట్టు, మెల్లగా, "అవునుమే" అంది. "కొత్తదే."

జయంతి అడగరాని దాన్ని అడిగింది. ఇక దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. కడుపు పెరిగే కొద్దీ మొగ్గలు పెరిగాయి. తాను కదిలితే కొమ్మ కదిలినట్టు, కొమ్మ కదిలితే కడుపులో బిడ్డ కదిలినట్టు తోచేది. ముందు అక్కకు పెట్టాలి. పెట్టిన చీర తిరిగి వచ్చింది, పెట్టిన గాజు తిరిగి వచ్చింది. పెట్టిన బిడ్డ తిరిగి వస్తుందా?

గంగజాతరకు ఊరంతా సున్నాలు వేసుకుంటున్నారు. చెట్ల మొదళ్ళకు తెల్లని పట్టీ, దాని మీద ఎర్రమన్ను పట్టీ వేయడం జయంతికి పుట్టింటి అలవాటు. పనసకు వేసింది, కొబ్బరికి వేసింది. మిగిలిన సున్నపు నీళ్ళను, ఎవరూ చూడని వేళ, కమీలియా మొదట్లో కుమ్మరించింది. మన్ను గుటగుట తాగింది.

కొన్నాళ్ళకు ఆకులు పసుపెక్కాయి. పసుపు రాసిన ముఖంలో నరాలు తేలినట్టు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. బాలచంద్ర మన్ను తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"సున్నం పోసిందెవరు?"

"నేనేరా!" అంటూ పక్కింటి గోడ మీదుగా తొంగిచూసింది కుప్పమ్మ. "జాతర గదా అని పట్టీ ఏస్తా ఉంటే బొక్కెన ఒరిగిపోయింది. ముసిల్దాన్ని, తిట్టుకుంటే తిట్టుకో."

అతను విసుక్కుంటూ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళాక, ఆమె దగ్గరికి వచ్చి జయంతి తల నిమిరింది. "బయపడొద్దుమే. కడుపుతో ఉండేవాళ్ళకి అట్లాంటి బుద్ది పుట్తాది. ఆయమ్మి ఏమీ అనుకోదులే."

అంత ప్రేమగా అన్నందుకే జయంతికి భయం వేసింది.

బాలచంద్ర సున్నపు మన్నంతా తోడి, కొత్త మన్ను నింపాడు. మజ్జిగ పోశాడు, వాననీళ్ళు పోశాడు. ఆకు తిరిగి నల్లపచ్చగా తేరుకుంది. మొగ్గల్లో ఒక్కటీ రాలలేదు.

తొలి కాన్పు నాయుడుపేటలో, పుట్టింట్లో. ఆడబిడ్డ. హైవే లారీల రొద నడుమ జయంతి నిశ్చింతగా నిద్రపోయింది. తనను పంపవద్దని తల్లిని అడగాలనుకుంది. ఏమని అడుగుతుంది? పూలపొదకు జడిసి కాపురానికి పోనంటే ఎవరు నమ్ముతారు? మూడో నెలలో బాలచంద్ర వచ్చి కారులో తీసుకుపోయాడు. దారిలో అతను ఆనందం పట్టలేక చెప్పాడు.

"పూసినాయి. తెల్లారి సూస్తే అన్నీ విచ్చుకోని ఉండాయి."

పలమనేరులో మంచు ఇంకా విడలేదు. పొద నిండా ఎర్రని పూలు. రేకు మీద రేకు, మైనంతో పోత పోసినట్టు ఉన్నాయి. అంత పూతకూ పిసరంత వాసన లేదు. కింద పేడతో అలికి, ముగ్గు పెట్టి, కొత్త గుడ్డ పరిచి కూర్చుంది కుప్పమ్మ.

"ఒక్క గడియ పండబెట్టుమే. ఆయమ్మి సూసుకుంటాది. ఆ మీద నీ బిడ్డే."

"పెట్టను."

"జయంతీ..."

"చీరలు పెట్టినాను. గాజులు పెట్టినాను. మొగుడు కూడా సగమే అనుకొని సర్దుకున్నాను. బిడ్డను మాత్రం నా ఒళ్ళోంచి దించనత్తా."

కుప్పమ్మ కోప్పడలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "దించొద్దులే తల్లీ. ఎత్తుకునే కూసో. సూడాలనే గదా దాని ఆశ."

దించకుంటే చాలు అనుకుంది జయంతి. బిడ్డను రొమ్ముకు అదుముకొని, పరిచిన గుడ్డ మీద తానే కూర్చుంది.

గాలి లేదు. ఒక పువ్వు రాలింది. కమీలియా రేకురేకుగా రాలదు; పువ్వు పువ్వంతా ఒక్కసారిగా తొడిమ విడుస్తుంది. ఒకటి ఆమె భుజం మీద వాలింది. ఒకటి పాపిట మీద, ఒకటి జడ మీద, ఒకటి మెడ వంపులో. ఒకదాని వెనుక ఒకటి, తొందర లేకుండా, శబ్దం లేకుండా రాలాయి. బిడ్డ మీద ఒక్కటీ పడలేదు. అన్నీ ఆమె మీదనే పడ్డాయి. తాకిన చోటల్లా వెచ్చగా ఉన్నాయి.

లేవాలనుకుంది. ఆ అనుకోవడం ఎక్కడో దూరాన, నాయుడుపేట అంత దూరాన జరిగింది. భయం ఎప్పుడు వదిలిందో తెలియలేదు. బిడ్డ పాలు తాగడం మాని తలెత్తి, ఎరుగని ముఖాన్ని చూసినట్టు ఆమె ముఖాన్ని చూసింది.

మజ్జిగ బొక్కెనతో పెరట్లోకి వచ్చిన బాలచంద్ర మంచులో అక్కడే ఆగిపోయాడు. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ పలకని పేరు అతని నోటి వెంట వచ్చింది.

"రూపా?"

"బిడ్డకు చలి తగుల్తా ఉండాది" అంటూ ఆమె కొంగు కప్పుకొని లేచింది. "లోపలికి పోదాం పా, బావా."