తలుపు దగ్గర డ్యూటీ

మా ఆయన పోయిన జీపు ప్రమాదంలోనే మా మరిది ఎల్లేష్ మోకాలు నుజ్జయింది. ఇద్దరూ పోలీసులే. ఆ కాలుతో డ్యూటీ చేయలేడని, ఎల్లేష్‌ను ఉద్యోగంలోంచి తీసేయడానికి చంద్రపూర్‌లో విచారణ పెట్టారు. బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను.

విచారణ గది తలుపు దగ్గర యూనిఫాంలో ఎల్లేషే నిలబడి ఉన్నాడు.

"ఇదేంది ఎల్లేష్?"

"మనుషులు తక్కువున్నరట వదినా. పేర్లు పిలిచే డ్యూటీ నాకే ఏసిండ్రు. తలుపు ఇడిసి కదలద్దన్నరు."

లోపల గంట మోగింది. ఎల్లేష్ వరండా వైపు తిరిగి తన పేరే మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు.

"గైరుహాజరా?" అని లోపలి నుంచి విచారణ చేసే సారు మరాఠీలో అడిగారు.

బడిలో రోజూ పేర్లు పిలుస్తాను. ఇంట్లో ఒక పేరు పిలిస్తే ఇప్పుడు ఎవరూ పలకరు. ఇంకో పేరు కూడా అలా కావడం నాకు ఇష్టం లేకపోయింది.

"హాజర్ సార్," అన్నాను. "తలుపు దగ్గరే ఉన్నాడు."

"అతను డ్యూటీలో ఉన్నాడమ్మా. మధ్యలో ఎలా రమ్మంటాం?"

"డ్యూటీ చేయలేడనే కదా సార్ విచారణ?"

సారు 'డ్యూటీలో ఉన్నాడు' అని రాయించి ఎల్లేష్ ఫైలు మూసి, ఇంకో పేరు పిలవమన్నారు.

ఎల్లేష్ గోడ పట్టుకుని గట్టిగా పిలిచాడు.