నలభయ్యో రోజు భోజనం

పన్నెండు మందికి గోధుమరవ్వ కూస్కూస్ ఉడుకుతుండగా ఫ్రెంచి సైనికులు మా ఇంట్లోకి వచ్చారు. ఇంట్లో కనపడేది మేమిద్దరమే, మా అత్త దహ్బియా, నేను. తినాల్సిన పన్నెండు మందీ పశువుల కొట్టం కింద గోతిలో తుపాకులతో దాక్కుని ఉన్నారు. అందులో ఒకరు మా ఆయన మెజియాన్.

మా అత్త ఉప్పు కూడా లెక్కపెట్టి వేసే మనిషి. అలాంటిది ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి కొండెక్కిన మనవాళ్ళు వస్తున్నారంటే ఉన్న ఒక్క మేకనీ కోసేసింది. యుద్ధమంటే తుపాకీ పట్టినవాళ్ళ గొప్పలే అందరూ చెప్తారు. ఏడేళ్ళు వాళ్ళ కడుపు నింపిందెవరో ఒక్కరూ అడగరు. నాకు ఒళ్ళు మండుతుంది.

సైనికులతో వచ్చిన దుబాసీ పక్క ఊరివాడే. కుండ మూత తీసి, ఇద్దరాడవాళ్ళకి ఇంత తిండెందుకని అడిగాడు.

"ఇవాళ నా కొడుకు పోయి నలభయ్యో రోజు," అంది అత్త. "ఫ్రాన్సులో గని కూలి చచ్చిపోయాడు. ఊరికి భోజనం పెట్టుకోవద్దా?"

కొడుకు తుమ్మితేనే దిష్టి తీసే మనిషి. ఆ మాటకి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

దుబాసీ నావైపు తిరిగాడు. మా ఆయన వస్తున్నాడని ఆ పొద్దున కళ్ళనిండా కాటుక పెట్టుకున్నాను. మా కొండల్లో మొగుడు పోయినదాన్ని నాలుగు నెలల పది రోజులు కాటుక ముట్టనివ్వరు. నా సింగారం పన్నెండు ప్రాణాల మీదికి తెచ్చింది.

"విధవకి కాటుకేంటి, పెద్దమ్మా?"

అత్త లేచి నా చెంప ఛెళ్ళుమనిపించింది. "చూశావా నాయనా, నా రాత! వాడి మీద మట్టి ఆరలేదు, దీనికప్పుడే సోకులు కావాల్సొచ్చాయి," అంటూ జుట్టు పట్టుకుని, కొంగుతో నా కళ్ళు నులిమి తుడిచింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ గోల విని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు, గుమ్మంలోనే శోకాలు మొదలెట్టారు. సైనికుల అధికారి చెవులు మూసుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్ళూ వెనకే పోయారు.

వాళ్ళు వాగు దాటాక అత్త కాటుక భరిణె తెచ్చింది. "ఇలా రావే. వాడు నిన్నిలా చూడకూడదు," అని తనే దిద్దింది. సగం కాటుక నా చెంపకే పూసింది.

మెజియాన్ గడ్డి దులుపుకుంటూ పైకొచ్చాడు. గోతిలోకి ఏడుపులే వినపడ్డాయట, మాటలు కాదు.

"ఎవరు పోయారమ్మా?"

"నువ్వే. కూచో, చల్లారిపోతోంది."